సమస్య: తొక్క తిన్నవాఁడె దొడ్డవాఁడు

మలక్‌పేట మాస్టారు: ఈ ఆదివారం సమస్య ఆటవెలదిలో. చివరి పాదం ఇదీ:

తొక్క తిన్నవాఁడె దొడ్డవాఁడు

మిగతా మూడూ మీవి. తొ–దొ యతి (పాదం మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొంతన) సరిపోయింది, వెతక్కండి. షరతు ఒక్కటే, పద్యంలో అరటికాయ వంట వాసన రావాలి. నిన్న మెహదీపట్నం రైతుబజారు నుంచి నాలుగు కూరరటికాయలు తెచ్చి, చెక్కు తీస్తుంటే ఈ పాదం తట్టింది. ఆ పరధ్యానంలో పసరు చొక్కాకి అంటింది. పాదం నిలిచింది, మరకా నిలిచింది. ఇంట్లో ఇంకా మాట్లాడటం లేదు.

నల్లకుంట అత్తయ్య: పచ్చడి చేస్తే సమస్యే లేదు కదా మాస్టారూ.

పైని పీచు తీసి పచ్చితొక్కలఁ గోసి
చింతపండు మిరప చేర్చి నూరి
వేడి యన్నమందు వెన్నముద్దను పెట్టి
తొక్క తిన్నవాఁడె దొడ్డవాఁడు

బర్కత్‌పుర బాబాయి: గణాలు దిద్దక్కర్లేదమ్మా. మూడో పాదం చదివితేనే ఆకలేస్తోంది. కానీ వంటలో దోషం ఉంది! పచ్చి తొక్కల్ని కోసి తిన్నగా నూరేశారు. వగరు నాలిక్కి పట్టేసి వెన్న రుచి కూడా తెలియదు. పొయ్యి ఎక్కించకుండా పచ్చడేమిటి?

నల్లకుంట అత్తయ్య: పట్టుకున్నారూ! ఇంట్లో అలా చెయ్యను, యతి కోసం పద్యంలో చేశాను. లేత కాయ తొక్కయితేనే బావుంటుంది. ముదురుదైతే ఎంత నూరినా పీచు పంటి కింద పడుతుంది. కాయ బాగా కడిగి, అంచుల వెంబడి గట్టి పీచు చెక్కేసి, తొక్క సన్నగా తరిగి పసుపు నీళ్లలో ఉడికిస్తాను. గోరు గుచ్చితే దిగాలి. అప్పుడు వార్చి, తడి ఆరేదాకా నూనెలో వేయించి, ఎండుమిరపకాయలు, మినప్పప్పు, ఆవాలు, ఇంగువ పోపుతో, చింతపండుతో కచ్చాపచ్చాగా నూరడమే. రెండో పాదం ఇలా మారుస్తున్నా:

వేచి మిరప చింత వేసి నూరి

బర్కత్‌పుర బాబాయి: ఇదీ. వేచి అంటే వేయించి, కాచుకుని కూర్చుని అని కూడా. అది ఉడికేదాకా పడేది ఆ అవస్థే.

కాచిగూడ తమ్ముడు: మా దిక్కు తొక్కంటే పచ్చడే గదా! మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు. “తొక్కు తిన్నవాఁడె” అని పెట్టుకుంటే సమస్యే లేకపాయె.

మలక్‌పేట మాస్టారు: తమ్ముడూ, మాట బంగారం. కానీ ఇచ్చిన పాదంలో గుణింతం మార్చితే అది పూరణ కాదు, సవరణ. విరవచ్చు, ముందు పాదంతో అతకవచ్చు, అర్థం తిప్పవచ్చు. అక్షరం మాత్రం కదపకూడదు.

కాచిగూడ తమ్ముడు: సరే, విరిచిన, చూడండ్రి.

ఆలుగడ్డ లేక యరటికూ రేమని
యలుక లేల బాబు? యారగింపు
పప్పుచారు కలదు, పంతమ్ము లింకేమి
తొక్క! తిన్నవాఁడె దొడ్డవాఁడు

నల్లకుంట అత్తయ్య: అయ్యో, మా ఇంట్లో మాటలు నీకెలా వినబడ్డాయి నాయనా!

బర్కత్‌పుర బాబాయి: “ఏమి తొక్క” గ్రామ్యం. “పంతమ్ము” అని గ్రాంథికపు పట్టుబట్ట కట్టి, పక్క పాదంలో తొక్క అని లుంగీ ఎగ్గడితే ఎలాగ?

మలక్‌పేట మాస్టారు: నాకు నచ్చిందే ఆ తేడా. విరుపు శుభ్రంగా పడింది, తొక్క తినాల్సిన పనే లేకుండా పోయింది. ఒక్క లోటు, కూర ఎలా వండారో లేదు. వేపుడా, ఆవ పెట్టిందా?

కాచిగూడ తమ్ముడు: ఆవ పెట్టిందే. మా ఇంటామెది రాజమండ్రి.

అల్వాల్ ఆడపడుచు: నాకు తొక్క అనగానే విదురుడి ఇల్లే గుర్తొచ్చింది.

రాజరాజు విందు రసహీన మనిపించె
విదురు భార్య యరటి విప్పి మురిసి
పండు పారవేసి పైతొక్క లందింప
తొక్క తిన్నవాఁడె దొడ్డవాఁడు

మలక్‌పేట మాస్టారు: ఆహా! దుర్యోధనుణ్ణి ఒక్క పాదంలో పక్కకు నెట్టేశారు. కృష్ణుడి పేరెత్తకుండా కృష్ణుణ్ణి కూర్చోబెట్టారు. వ్యాసభారతం ఉద్యోగపర్వంలో ఆయన విదురుని ఇంట భోంచేసిన మాట ఉంది గానీ తొక్కల ముచ్చట భక్తులు చెప్పుకునే కథల్లోది. పద్యానికి అది చాలు. ఇక రెండో పాదం. అరటిపండు వలుస్తాం గానీ విప్పుతామా? అది యతి తెచ్చిన తిప్పలు.

అల్వాల్ ఆడపడుచు: నిజమే, మూట విప్పినట్టుంది. ఇది చూడండి:

విదురు భార్య వలిచి వెర్రిమమతఁ

వి–వె యతి. ఆమె ఒళ్లు మరిచి ఇచ్చిందన్న మాట కూడా వచ్చింది.

నల్లకుంట అత్తయ్య: ముందుదానికన్నా పదింతలు బావుంది.

బర్కత్‌పుర బాబాయి: పద్యానికి దణ్ణం. కానీ ఇక్కడ పొయ్యి ఏది? కాయ ఏది? పండు తొక్క కదా తిన్నాడు.

మలక్‌పేట మాస్టారు: షరతు పెట్టింది నేనే కాబట్టి పోటీలో లెక్కకు రాదు. నోటికి పట్టింది మాత్రం ఇదే, పొద్దుట్నుంచి మూడుసార్లు చదువుకున్నాను.

కూకట్‌పల్లి కుర్రాడు: అందరికీ నమస్కారం. మొదటి పద్యం, తిట్టండి.

చేతికి నూనె పూసి చెక్కుఁ దీసిన కాయ
మజ్జిగందు వేయ మచ్చ లుడుగు
తొక్కఁ బారవేయు దుడుకువా రెందరో
తొక్క తిన్నవాఁడె దొడ్డవాఁడు

మలక్‌పేట మాస్టారు: తిట్టడం దేనికి బాబూ, ఒక్క అక్షరమే ఎక్కువైంది. బేసి పాదంలో ముందు మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు. సూర్యగణమంటే గలం (గురువు, లఘువు) గానీ నగణం (మూడు లఘువులు) గానీ. “చేతికి” భగణం (ఒక గురువు, రెండు లఘువులు), అంటే ఇంద్రగణం. అది ముందే వచ్చి కూర్చుంది. “చేత నూనె పూసి” అను, సరిపోతుంది. మూడో పాదంలో తొ–దు యతి చక్కగా కుదిరింది. అక్కడ నేనైతే తడబడేవాణ్ణి.

నల్లకుంట అత్తయ్య: “మజ్జిగందు” నాకు కాస్త ఎబ్బెట్టుగా ఉంది. మజ్జిగయందు కదా?

మలక్‌పేట మాస్టారు: అత్తుకు సంధి బహుళం కదమ్మా, అంటే చివరి అకారానికి సంధి జరగొచ్చు, జరగకపోవచ్చు. చెల్లుతుంది.

కూకట్‌పల్లి కుర్రాడు: థ్యాంక్స్ మాస్టారూ. రూములో అమ్మ ఫోన్‌లో చెప్పినట్టే చేశాను, అదే రాశాను. అసలు మజ్జిగ ఎందుకో తెలీదు. నీళ్లు చాలవా?

బర్కత్‌పుర బాబాయి: నీళ్లయితే గాలి తగలదు, కాస్త పనిచేస్తుంది. కోసిన చోట కాయలో ఉన్న ఎంజైము గాలితో కలిసి నల్లబరుస్తుంది. పులుపు దాని పని మందగింపజేస్తుంది. అందుకే పల్చటి మజ్జిగ, చిటికెడు ఉప్పు. ఇనప కత్తిపీటతో తరిగితే వగరు ఇనుముతో కలిసి ఇంకా నలుపెక్కుతుంది, స్టీలు చాకు వాడు. కూరెలా వచ్చింది?

కూకట్‌పల్లి కుర్రాడు: ముక్కలు తెల్లగానే ఉన్నాయండీ. ఆవపిండి కలిపాక ఇంకో ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉంచాను. చేదొచ్చింది.

నల్లకుంట అత్తయ్య: దింపి, కాస్త చల్లారాక కలపాలి నాన్నా ఆవ! సెగ తగిలితే చేదే. మీ అమ్మ చెప్పలేదూ?

కూకట్‌పల్లి కుర్రాడు: చెప్పింది. అప్పుడు మూడో పాదానికి యతి వెతుక్కుంటున్నాను.