కిడ్నీ పరిశోధనలో అనుకోకుండా బయటపడినవి వాలంటీర్లకి ఎలా చెప్పాలి?

ఉద్దానంలో కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు మీద పరిశోధన చేసినవాళ్లు సలహా ఇవ్వండి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) ఎక్కువొస్తే దారి తెలిసిందే: ఒంట్లో నీరు తగ్గినా అది పెరుగుతుంది, అందుకని త్వరలో ఓసారి, మూడు నెలలు దాటాక మరోసారి చూసి, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) 60 లోపే ఉంటే పలాస కిడ్నీ ఆసుపత్రికి పంపాలి. పొటాషియం 6 దాటితే మాత్రం ఆ రోజే ఫోన్ చెయ్యాలి. రక్తం తీసేటప్పుడు కణాలు చితికినా ఆ అంకె పెరుగుతుంది గనక వెంటనే మళ్లీ తియ్యాలి.

చిక్కు స్కాన్‌తో. కిడ్నీ కోసం తీస్తే కాలేయంలో గడ్డ కనిపించింది అనుకోండి. ఇలాంటివి బయటపడితే చెప్పాలా వద్దా అన్న మాటే సమ్మతి పత్రంలో లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతితో పత్రం మార్చి మళ్లీ సంతకాలు తీసుకోవచ్చు, కానీ గడ్డ ఉన్నవాళ్లనే "తెలుసుకుంటారా?" అని అడిగితే ఆ ప్రశ్నతోనే విషయం తెలిసిపోతుంది. అందరినీ అడగడమే న్యాయం అనిపిస్తోంది.

చదువురానివాళ్లకి సాక్షి ముందు చదివి వేలిముద్ర వేయించుకోవాలి కదా. ఆ సాక్షి పక్కింటివాళ్లయితే గుట్టు ఊరంతా పాకుతుంది. మీరు ఎవరిని సాక్షిగా పెట్టారు? "వద్దు" అన్న మనిషికి ప్రాణం మీదికొచ్చేది కనిపిస్తే చెప్పారా? ఆ తర్వాత చేయించాల్సిన పరీక్షల ఖర్చు పరిశోధన బడ్జెట్‌లో చూపించారా? పత్రంలో వాడిన తెలుగు వాక్యాలు ఉంటే దయచేసి ఇక్కడ పెట్టండి.