శ్రీలంక నుంచి బీఏఎంఎస్‌కు (ఆయుర్వేద డిగ్రీకి) వచ్చే అమ్మాయికి ఇల్లు అద్దెకిస్తున్నాం, ఓనరుగా ఏం చేయాలి? (తిరుపతి)

మేడమీద_పోర్షన్:
బాలాజీ కాలనీలో మా మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉంది. శ్రీలంక అమ్మాయి ఒకరు తిరుపతిలో బీఏఎంఎస్‌లో చేరుతున్నారు. అడ్మిషన్ లెటరు, స్టూడెంట్ వీసా వచ్చేశాయి. వచ్చే నెల చెన్నైలో దిగి కారులో వస్తారట. పోలీసులకు చెప్పాలని కొందరు, అంతా కాలేజీయే చూసుకుంటుందని ఇంకొందరు అంటున్నారు. నేను చేయాల్సిందేది, ఆ అమ్మాయి చేసుకోవాల్సిందేది? అగ్రిమెంటు ఎట్లా రాయించాలి?

కాగితాల_రెడ్డి:
అన్నా, కాలేజీ పంపేది కాలేజీ పంపుతుంది, అమ్మాయి రిజిస్ట్రేషన్ అమ్మాయిది. ఫారం-సి, అంటే మీ ఇంట్లో విదేశీయులు దిగారని ఓనరు సర్కారుకు ఇచ్చే సమాచారం, మాత్రం అచ్చంగా మీ నెత్తిమీదే. విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలి. అద్దె తీసుకున్నా, చుట్టంలా ఉంచుకున్నా తప్పదు. 2025 సెప్టెంబరు 1న 1946 నాటి విదేశీయుల చట్టం పోయి కొత్తది వచ్చింది, ఫారం-సి పేరు రూల్స్‌లో ఫారం-III అయింది, ఈ బాధ్యత మాత్రం పోలేదు.

చాలామంది బోల్తా పడేది ఎక్కడంటే, మనిషి వచ్చాక సైటు తెరుస్తారు. ముందు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల ప్రాంతీయ రిజిస్ట్రేషన్ ఆఫీసు) సైటులో మీ ఇంటి వివరాలతో యూజర్ ఐడీకి అప్లై చేయాలి. దాన్ని అవతల అధికారులు ఆమోదించాకే లాగిన్ పని చేస్తుంది. అప్పటికి మీ 24 గంటలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. కాబట్టి ఆ పని ఈ వారమే కానివ్వండి. జిల్లా దగ్గర తిరుపతి ఎంచుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయింది కానీ ఇంటి పాత కాగితాల్లో ఇంకా చిత్తూరే ఉంటుంది, దాన్ని చూసి కొట్టేస్తే ఫైలు వేరే ఆఫీసుకు పోతుంది.

ఫారంలో రెండు చోట్ల తప్పులు పడతాయి. శ్రీలంక పేర్లు పొడుగు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ కింద ఉన్నదంతా సర్‌నేమ్‌లోనే, మిగతా పేర్లు గివెన్ నేమ్స్‌లోనే కొట్టాలి, ఒక్క అక్షరం కూడా కుదించొద్దు. రెండోది తేదీలు. ఇండియాలో అడుగుపెట్టిన తేదీ వేరు, మీ ఇంట్లో దిగిన తేదీ వేరు. చెన్నైలో ఒక రాత్రి ఆగి వస్తే రెండూ ఒకటి కావు. సబ్మిట్ చేశాక పీడీఎఫ్ దాచుకుని ఆ అమ్మాయికీ ఒకటి ఇవ్వండి.

సీమ_వైద్య:
ఆ పీడీఎఫ్ ఆమెకు ఎందుకంటే, 180 రోజులు దాటిన స్టూడెంట్ వీసా కాబట్టి వచ్చిన 14 రోజుల్లో ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో (ఆ ఆఫీసు ఆన్‌లైన్ సైటులో) రిజిస్టర్ కావాలి, అప్పుడు అది అడ్రసు రుజువుగా పనికొస్తుంది. లెక్క చెన్నై ఎయిర్‌పోర్టులో ముద్ర పడిన రోజు నుంచి, తిరుపతి చేరిన రోజు నుంచి కాదు. పాస్‌పోర్టు, వీసా, ముద్ర ఉన్న పేజీ, ఫోటో, అడ్రసు రుజువు, కాలేజీ బోనఫైడ్ కావాలి. ఆలస్యమయ్యేది బోనఫైడ్ దగ్గరే. క్లాసులు మొదలు కాలేదంటారు, సంతకం పెట్టేవారు లీవంటారు. చేరిన రోజే అప్లికేషన్ ఇచ్చి రమ్మనండి.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాయించండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, డోర్ నంబరు ఫారం-సిలో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. బ్యాంకులోనూ ఇదే కాగితం పనికొస్తుంది. విదేశీ విద్యార్థికి పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ లెటరుతో ఎన్ఆర్ఓ ఖాతా (ఇండియాలో స్థిర నివాసం లేనివారి రూపాయల ఖాతా) తెరుస్తారు, ఇక్కడి అడ్రసు 30 రోజుల్లో చూపాలి. అది తేలేదాకా బయటినుంచి 1,000 డాలర్లకు మించి రానివ్వరు, ఖాతాలో 50,000 రూపాయల పరిమితి ఉంటుంది. ఫీజు మొత్తం ఒకేసారి పంపమని ఇంటికి చెప్పేముందు ఇది గుర్తుంచుకోవాలి.

కోర్సు నాలుగున్నరేళ్ళు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. వీసా అంతకన్నా ముందే ముగిస్తే, గడువు తీరకముందే పొడిగింపు పెట్టుకోవాలి.

మూలిక_చిత్తూరు:
ఇల్లు సంగతి చెప్పేశారు. ఆయుర్వేదం చదివే విదేశీయులకు ఇంకో చిక్కుంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. రెండో ప్రొఫెషనల్‌లో (కోర్సు రెండో దశలో) ద్రవ్యగుణానికి, అంటే మందు మొక్కల సబ్జెక్టుకు, హెర్బేరియం షీట్లు (ఎండబెట్టిన మొక్కలు అతికించిన అట్టలు) చేస్తారు. పక్కనే శేషాచలం కదా, తలకోన వైపు వెళ్ళి నాలుగు కొమ్మలు తెంపుకొద్దామనిపిస్తుంది. అది రక్షిత అడవి, పర్మిషన్ లేకుండా ఎవరూ ఏదీ తెంపకూడదు. పైగా ఆమె మన పౌరురాలు కాదు. 2002 జీవవైవిధ్య చట్టం మూడో సెక్షను ప్రకారం విదేశీయులు పరిశోధన కోసం ఇక్కడి మొక్కలు సేకరించాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి ముందే కావాలి. కాలేజీ తోటలో, లెక్చరరు ఎదుట చేసే షీట్లతో సరిపెట్టుకుని, వాటిని డిపార్ట్‌మెంటులోనే వదిలేయడం మేలు. సెలవులకు వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో ఎండిన మొక్కలు, ఎర్రచందనం ముక్క అసలే వద్దు, వేలెడంతదైనా సరే.

ఇంకొకటి, పట్టా తీసుకెళ్ళి అక్కడ ప్రాక్టీసు చేయాలంటే శ్రీలంక ఆయుర్వేద మెడికల్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఈ కాలేజీ పట్టాను వాళ్ళు ఒప్పుకుంటారో లేదో ఫీజు కట్టకముందే ఉత్తరం రాసి తేల్చుకోమనండి.

మేడమీద_పోర్షన్:
అందరికీ దండాలు. యూజర్ ఐడీకి ఇవాళే పెట్టేస్తాను. ఆమె వాళ్ళమ్మ టూరిస్ట్ వీసా మీద తోడొచ్చి పది రోజులుంటారట. ఆవిడకూ ఫారం-సి ఉందా?

కాగితాల_రెడ్డి:
ఉంది అన్నా, మనిషికొకటి. రిజిస్ట్రేషన్ మాత్రం ఆవిడకు అక్కర్లేదు. వెళ్ళిపోయిన రోజు మీ లాగిన్‌లో చెకౌట్ కొట్టడం మరవొద్దు, లేకపోతే రికార్డులో ఆవిడ మీ ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. కొండకు తీసుకెళ్తే ఇద్దరివీ అసలు పాస్‌పోర్టులు వెంట పెట్టుకోండి. హిందువులు కాకపోతే దర్శనానికి ముందు డిక్లరేషన్ ఇవ్వాలి.