నాలుగో కిలోమీటరుకే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, వెడల్పు రన్నింగ్ షూ తీసుకోవాలా?

వారానికి 4 రోజులు, రోజుకు 6 కిలోమీటర్లు తారు రోడ్డు మీద పరిగెడతాను. కిలోమీటరుకు 7 నిమిషాలు పడుతుంది. 2 నెలల క్రితం కొత్త షూ కొన్నాను. సైజు 9, మామూలు వెడల్పు (డి). అప్పటి నుంచి నాలుగో కిలోమీటరు దాటగానే కుడికాలి మూడో, నాలుగో వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. షూ విప్పి 5 నిమిషాలు నడిస్తే తగ్గిపోతుంది. ఎడమకాలికి ఏ ఇబ్బందీ లేదు. డాక్టర్‌కి చూపిస్తే ముందు షూ మార్చి చూడమన్నారు.

పల్చటి సాక్స్ వేసి చూశాను, తేడా లేదు. వేళ్ల వైపు లేసులు వదులు చేస్తే ఇంకో అర కిలోమీటరు గడిచింది, అంతే. అర సైజు పెంచి 9.5 వాడితే వేళ్లకు హాయిగానే ఉంది కానీ మడమ జారి బొబ్బ లేచింది. పై రంధ్రాల్లో లేసుతో లూప్ వేసి బిగించాను. మడమ కదల్లేదు, ఈసారి పాదం పైభాగం నొక్కుకుపోయింది.

నిన్న సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, సైజు 9 షూ ఇన్‌సోల్ (లోపల పాదం కింద ఉండే మెత్త) బయటికి తీసి దాని మీద నిలబడ్డాను. ముందు బొటనవేలంత ఖాళీ ఉంది. కుడి చిటికెన వేలు మాత్రం సగం అంచు దాటి నేల మీదే ఉంది! నాకైతే సమస్య పొడవులో లేదనిపిస్తోంది.

ఇలాంటి పాదాలున్నవాళ్లు దయచేసి చెప్పండి: సైజు 9లోనే 2ఈ వెడల్పు (డి కంటే వెడల్పైనది) తీసుకుంటే, మడమ జారకుండా వేళ్లకు చోటు దొరుకుతుందా?