యావరేజ్ 21 దగ్గర ఇరుక్కుపోయింది, సైకిల్ తియ్యాలంటేనే విసుగ్గా ఉంది

రెండుచక్రాలు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పుంటే ఏమనుకోకండి.

సైకిల్ కొని ఎనిమిది నెలలైంది. ఇప్పటిదాకా 110 రైడ్లు. మొదటి నెల యావరేజ్ స్పీడ్ గంటకి 16 కిలోమీటర్లు ఉండేది, మూడో నెలకి 19, ఐదో నెలకి 21. అబ్బో ఇలాగే పోతే ఏడాదికి 25 కొట్టేస్తాం అనుకున్నా. అంతే, అక్కడితో ఆగిపోయింది. మూడు నెలల్నించి 20.5, 21, 20.8, మళ్ళీ 20.6... బీపీ రీడింగులు చూసుకున్నట్టు చూసుకుంటున్నా. మొన్న 24 కిలోమీటర్లు అయ్యేసరికి 20.6 చూపిస్తోంది, చివరి కిలోమీటరు అయినా గుద్దేద్దాం అని ఊపిరాడకుండా 30లో తొక్కితే ఇంటి దగ్గర ఆపి చూస్తే 20.9. ఆ ఒక్క పాయింటు కోసం గేటు ముందు నిలబడి ఫోన్ వంక చూస్తూ నిజంగా తిట్టుకున్నా.

మా ఆవిడ అయితే "వెళ్ళేటప్పుడు ఉన్న మొహం వచ్చేటప్పుడు ఉండట్లేదు, అంత బాధైతే వెళ్ళడం ఎందుకు" అంటోంది. మొదట్లో అలా ఉండేది కాదు. పొద్దున్నే చీకట్లో లేచి టైరు నొక్కి చూసుకుని బయల్దేరితే అదొక పండగ లాగ ఉండేది. ఇప్పుడు అలారం ఆపేసి పడుకుంటున్నా.

దీనికి తోడు పదిహేను రోజుల్నించి మోకాలి చిప్ప ముందు పక్క నొప్పి, వెనక టైరు రెండు వారాల్లో మూడుసార్లు పంక్చర్. స్పీడ్ పెరగడానికి ఏం చెయ్యాలో చెప్పండి. లేదా ఇది నాకు సరిపడే హాబీ కాదు అనైనా చెప్పెయ్యండి, సైకిల్ అమ్మేస్తా.

ఎదురుగాలి:
అమ్మడం తర్వాత సంగతి బ్రో, ముందు ఆ యావరేజ్ అనే లెక్క ఎంత మోసమో చూడు. ఒక ఎత్తు ఉంది, 10 స్పీడులో ఎక్కావు, అదే దారిలో 40లో దిగావు అనుకో. యావరేజ్ 25 అనుకుంటాం కదా? కాదు, 16. ఎందుకంటే ఎక్కేటప్పుడు పట్టే టైము దిగేటప్పుడు పట్టే టైముకి నాలుగింతలు, నువ్వు రైడంతా ఎక్కుతూనే గడిపావన్నమాట. గాలి కూడా అంతే. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి తిన్నది వచ్చేటప్పుడు వెనకగాలి పూర్తిగా తిరిగి ఇవ్వదు, ఎప్పుడూ కొంచెం బాకీ పెడుతుంది. సిగ్నల్స్ దగ్గర ఆగడం, మళ్ళీ సున్నా నుంచి లాగడం ఇంకో గొడవ. నీ కాళ్ళు బాగుపడినా ఆ రోజు గాలి బాగోకపోతే నంబరు పడిపోతుంది, నువ్వేమో నేనే పనికిరానివాణ్ణి అనుకుంటావు.

ఇంకోటి, 16 నుంచి 21కి వచ్చినంత ఈజీగా 21 నుంచి 25కి రాదు. గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ స్పీడుకి ఘనంలో పెరుగుతుంది. 20 నుంచి 25కి వెళ్ళాలంటే గాలి వాటాకే దాదాపు రెండింతలు కావాలి. 40 కావాలంటే ఎనిమిదింతలు! ప్రపంచంలో అందరికన్నా గట్టి కాళ్ళున్నోళ్ళకే గాలితో ఇబ్బంది అయితే మనమెంత. బెల్జియం సైక్లింగ్ ఛాంపియన్ ఎడ్డీ మెర్క్స్ 1972లో గంట రికార్డు (గంటలో ఎంత దూరం తొక్కగలరనేది) కోసం పనిగట్టుకుని మెక్సికో సిటీ దాకా వెళ్ళింది అక్కడ ఎత్తులో గాలి పల్చగా ఉంటుందనే. గంటలో 49.431 కిలోమీటర్లు కొట్టాడు. తర్వాత 2022లో ఇటలీ రేసర్ ఫిలిప్పో గన్నా 56.792 కొట్టాడు, అది పైకప్పున్న ట్రాకులో, గాలికి అడ్డు తగలకుండా ఒళ్ళంతా ముడుచుకుని, ఆ సైకిల్, ఆ సూటు అన్నీ దానికోసమే తయారుచేసుకుని. నువ్వేమో లూజు టీషర్టు వేసుకుని నిటారుగా కూర్చుని 21 కొడుతున్నావు, బానే ఉంది కదా.

హ్యాండిల్ కాస్త కిందకి పట్టుకుని మోచేతులు వంచి తొక్కి చూడు, ఫ్రీగా ఒకటో అరో వస్తుంది. అంతకుమించి నాకు తెలిసిన మందు లేదు.

చైన్‌నూనె:
నేను చేసింది చెప్తా. మీటర్ మీద స్పీడ్ కనిపించే చోట నల్ల టేపు అంటించా. దూరం, టైము మాత్రం కనిపిస్తాయి. మొదటి వారం టేపు వైపే చూస్తూ తొక్కా అది వేరే విషయం 😄 రెండో వారం నుంచి రోడ్డు కనిపించడం మొదలైంది. సంవత్సరం దాటింది, ఇంకా పీకలేదు.

పొద్దున్నేరైడ్:
మీరు స్పీడ్ గోలలో పడి మోకాలి సంగతి చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు, నాకు అదే ముందు కనిపించింది. చిప్ప ముందు పక్క నొప్పి అంటే సామాన్యంగా సీటు కిందకి ఉన్నట్టు. మోకాలి వెనక నొప్పి అయితే ఎత్తు ఎక్కువైనట్టు. నాకు రెండూ అయ్యాయి కాబట్టి చెప్తున్నా. మొదట తక్కువ పెట్టుకుని ముందు నొప్పి తెచ్చుకున్నా, తర్వాత కోపమొచ్చి ఒకేసారి బాగా లేపేసి వెనక నొప్పి తెచ్చుకున్నా.

గోడకి ఆనుకుని సీటు మీద కూర్చోండి. మునివేళ్ళు కాదు, మడమ పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పుతూ పెడల్ని బాగా కిందకి తీసుకెళ్ళండి. అక్కడ కాలు పూర్తిగా నిటారుగా సాగాలి, కానీ దానికోసం నడుము పక్కకి వాలకూడదు. ఇప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద పెడితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, ఆ కొంచెమే మనకి కావాల్సింది. సీటు రాడ్ మీద ఇప్పుడున్న చోట మార్కర్‌తో గీత గీసుకుని అప్పుడు మార్చండి, లేదంటే ఎక్కడినుంచి బయల్దేరామో తెలీదు. ఒక్కోసారి మూడు నాలుగు మిల్లీమీటర్లే. మార్చాక రెండు మూడు రైడ్లు ఆగి చూడండి. సీటు లేపినప్పుడు ఆ రాడ్ మీద కనీసం ఇంత లోపలుండాలని చెప్పే గీత బయటికి రాకూడదు, అది మర్చిపోకండి.

ఇంకో అనుమానం, మీరు స్పీడ్ కోసం పెద్ద గేరులో పెట్టి బలంగా తొక్కుతున్నారు కదా? ఒక నిమిషం పాటు కుడి మోకాలు ఎన్నిసార్లు పైకొస్తోందో లెక్కపెట్టండి. అరవై వస్తే మోకాలి మీద బండ పెట్టి తొక్కుతున్నట్టే. గేరు తేలిక చేసి 80, 90 దగ్గర తిప్పడం అలవాటు చేసుకోండి. మొదట్లో వింతగా ఉంటుంది, సీటు మీద ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటుంది, పది రోజుల్లో సర్దుకుంటుంది. అప్పటికీ నొప్పి తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి, మా మాటలు నమ్ముకుని కూర్చోకండి.

రెండుచక్రాలు:
థాంక్స్ అక్కా. ఇప్పుడే లెక్కపెట్టా, 58 😬 మడమ పెట్టి చూస్తే కాలు సాగట్లేదు, మోకాలు బాగా వంగే ఉంది. అంటే ఎనిమిది నెలలు పిల్లల సైకిల్ తొక్కినట్టు తొక్కానన్నమాట. గీత గీసి నాలుగు మిల్లీమీటర్లు లేపా.

రాత్రిదీపం:
నేను బ్రెవేలు తొక్కుతా. అదేంటంటే పోటీ కాదు, టైము లోపల దూరం పూర్తి చెయ్యాలి, అంతే. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలిస్తారు. లెక్క వేసుకోండి, తినడం, నీళ్ళు, పంక్చర్లు, చెట్టుకింద పడుకోవడం అన్నీ కలిపి గంటకి 15 కూడా అక్కర్లేదు. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. మాలో చాలామందికి కలలాంటి రైడ్ పారిస్-బ్రెస్ట్-పారిస్, 1891లో రేసుగా మొదలైంది, ఇప్పుడు నాలుగేళ్ళకోసారి మామూలు జనం తొక్కుతారు, దాదాపు 1200 కిలోమీటర్లు, ఎక్కువమంది తీసుకునే టైము హద్దు 90 గంటలు. దానికైనా సగటున పదమూడు చిల్లర చాలు. అసలు కష్టం నిద్రతో, కడుపుతో, అరిచేతుల తిమ్మిరితో. మీ 21 తో మా గ్రూపుకొస్తే ముందు మిమ్మల్నే పెట్టి మీ వెనక నక్కి తొక్కుతాం.

పాతగంట:
ఇక్కడ ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, ఏదో ఒకటి లెక్కపెట్టకపోతే నీకు తోచదని నీ పోస్టు చూస్తేనే తెలుస్తోంది, ఆ రోగం నాకూ ఉంది. కాబట్టి లెక్కపెట్టడం మానెయ్యకు, లెక్క మార్చు. ఎడింగ్టన్ నంబర్ అని ఒకటుంది.

ఆర్థర్ ఎడింగ్టన్ అని ఖగోళ శాస్త్రవేత్త. 1919 సూర్యగ్రహణం అప్పుడు ప్రిన్సిపె దీవికి వెళ్ళి ఫొటోలు తీసి, ఐన్‌స్టీన్ చెప్పినట్టే సూర్యుడి దగ్గర నక్షత్రాల వెలుగు వంగుతోందని చూపించినాయన. మన ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌తో 1935లో తెల్ల మరుగుజ్జు నక్షత్రాల (ఇంధనం అయిపోయి ముడుచుకుపోయినవి) మీద పెద్ద గొడవ పెట్టుకున్నది కూడా ఈయనే, ఆ గొడవలో తప్పు ఈయనదే అని తర్వాత తేలింది. అయినా ఇద్దరి మధ్యా ఉత్తరాలు ఆగలేదు, ఆ ఉత్తరాల్లో ఈయన తన సైకిల్ నంబర్ ఎంతకొచ్చిందో రాసేవాడు. అంత పెద్దమనిషి కూడా మనలాగే నంబరు చూసుకుని మురిసిపోయాడంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

లెక్క చాలా సింపుల్. నీ నంబర్ 30 అంటే, కనీసం 30 మైళ్ళో కిలోమీటర్లో తొక్కిన రోజులు నీకు కనీసం 30 ఉన్నాయని. ఆయన మైళ్ళలో లెక్కపెట్టేవాడు, 1944లో పోయేనాటికి 84. అంటే 84 మైళ్ళు, మన లెక్కలో 135 కిలోమీటర్లు, అంతకు తగ్గకుండా 84 రోజులు తొక్కాడు! నువ్వు కిలోమీటర్లలోనే పెట్టుకో, ఎవరూ అడగరు.

ఇందులో మజా ఏంటంటే స్పీడ్ ఎక్కడా లేదు. ఎదురుగాలి అయితే ఏంటి, ఎత్తు అయితే ఏంటి, దూరం దూరమే. పైగా ఇది ఎప్పుడూ తగ్గదు, పెరగడమే. నెల రోజులు జ్వరమొచ్చి పడుకున్నా నీ నంబర్ నీదే. కానీ పెరగాలంటే మాత్రం నానా చావు చావాలి. నాది 61 దగ్గర ఉన్నప్పుడు 61, 61.5 రైడ్లు కుప్పలుగా ఉన్నాయి, 62కి వెళ్దామని చూస్తే అవి ఒక్కటీ పనికిరాలేదు. ఆ ఒక్క కిలోమీటరు ముందే తొక్కుంటే ఏం పోయింది అని నెత్తి కొట్టుకున్నా. ఇప్పుడు 73.

చైన్‌నూనె:
అన్నా ఇది కూడా అంకెల పిచ్చే కదా. టేపు పీకి ఇంకో టేపు అంటించినట్టుంది 😄

పాతగంట:
పిచ్చే. కాదన్నానా? నీ టేపు కింద దూరం కనిపిస్తోందిగా, వెళ్ళి లెక్కేసుకో.

రెండుచక్రాలు:
రాత్రి కూర్చుని 110 రైడ్లూ పెద్దదాన్నించి చిన్నదాకా వరసగా పెట్టా. ఇరవైనాలుగోది 24.3, ఇరవైఅయిదోది 24.1. అంటే నాది 24. పాతిక దాటిన రైడ్లు మొత్తం 17 ఉన్నాయి, 25 రావాలంటే ఇంకా ఎనిమిది కావాలి. 30 దాటినవి ఆరే! నేను ఎప్పుడూ అదే దారిలో వెళ్ళి అదే చెట్టు దగ్గర తిరిగి వచ్చేస్తున్నా, యావరేజ్ పడిపోతుందని ఆ చెట్టు అవతల ఎత్తు జోలికి పోలేదు. చెట్టు అవతల ఏముందో ఇప్పటికీ చూడలేదు అనే విషయం ఇది రాస్తుంటేనే తట్టింది.

ఎదురుగాలి:
పంక్చర్ సంగతి ఎవరూ చెప్పలేదు. మూడుసార్లూ ట్యూబ్‌కి ఒకే చోట పడిందా చూశావా? ట్యూబ్ తీసేటప్పుడు వాల్వ్ ఎక్కడుందో దానికి ఎదురుగా టైరు మీద చాక్‌పీస్‌తో గీత పెట్టుకో, ట్యూబ్‌లో బొక్క దొరికాక మళ్ళీ టైరు పక్కన పెట్టి కొలిస్తే ముల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. చాలాసార్లు మనం ట్యూబ్‌కి ప్యాచ్ వేస్తాం కానీ టైరులో ముల్లు అలాగే ఉంటుంది. కళ్ళకి కనిపించదు. టైరు లోపల చుట్టూ కొంచెం దూది పెట్టి లాగు, వేళ్ళు పెట్టకు కోసుకుంటాయి, ముల్లున్న చోట దూది పోగు చిక్కుకుంటుంది. పక్కపక్కనే రెండు బొక్కలుంటే మాత్రం ముల్లు కాదు, గాలి తక్కువై గతుకులో ట్యూబ్ నలిగింది. బొక్క ట్యూబ్ లోపలి వైపు ఉంటే రిమ్ టేప్ (రిమ్‌లో చువ్వల బొక్కల్ని కప్పే పట్టీ) చూడు.

రెండుచక్రాలు:
దొరికింది!! వెంట్రుక అంత సన్నటి ఇనప తీగ ముక్క, మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. దూది అక్కడ పట్టేసింది. కటింగ్ ప్లేయర్‌తో లాగితే గానీ రాలేదు. ఇంత చిన్న దానికోసం మూడు ప్యాచ్‌లు వేశా. కాగితంలో చుట్టి దాచా, మా ఆవిడ చూసి "ఇది కూడా దాచుకుంటారా" అంది.

రెండుచక్రాలు:
పది రోజుల తర్వాత అప్‌డేట్. మోకాలు చాలా నయం, ఇంకో మూడు మిల్లీమీటర్లు లేపా, తిప్పుడు 75 దాకా వచ్చింది. అయిదు రైడ్లు అయ్యాయి, అయిదూ పాతిక పైనే. చెట్టు అవతల ఎత్తు ఎక్కా, సగంలో దిగి తోసుకుంటూ వెళ్ళా, సిగ్గేం లేదు. పైకెళ్ళాక అవతల పెద్ద చెరువుంది! ఎనిమిది నెలలు దానికి రెండు కిలోమీటర్ల ఇవతల నుంచి వెనక్కి తిరిగా.

యావరేజ్ 18.9 వచ్చింది. ఇవాళ పొద్దున్న ఇంకో దారిలో వెళ్ళొచ్చా, గేటు దగ్గరికొచ్చేసరికి 24.7. మా ఆవిడ బయటే నిలబడి ఉంది, చెయ్యూపి గేటు దాటి ముందుకెళ్ళిపోయా.

పాతగంట:
అయిపోయావ్ ఇంక.