మిర్చి కూలీలకు బుర్రకథ: పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల కోసం పావుగంట బుర్రకథ కడుతున్నాం. రోజంతా ఆ ఘాటులోనే పని, ముక్కుకి చీర కొంగే అడ్డం. మాస్కుల గురించి కరపత్రాలు పంచితే వాటిలో పకోడీలు కట్టుకున్నారు (రాత అంత చప్పగా ఉంది మరి!). బుర్రకథకు పేరుపడ్డ పద్మశ్రీ షేక్ నాజర్ గారి జిల్లా కదా, కథ చెబితే వింటారని ధైర్యం.

టెన్షన్ అంతా ఫలితం కొలవడం దగ్గరే. కథకు ముందు, తర్వాత అవే ప్రశ్నలు అడుగుదామంటే, పక్కన మేస్త్రీ ఉంటే అన్నిటికీ "ఆఁ, బాగుందమ్మా" అనేస్తారు. చదువురాని వాళ్లను ఇబ్బంది పెట్టకుండా ఎలా అడగాలి? కథ వినని ఇంకో గుంపుతో పోల్చాలా, లేక నెల తర్వాత వెళ్లి ఎంతమంది మాస్కు పెట్టుకున్నారో చూస్తే సరిపోతుందా?

ఇంకోటి, కథలోని నాయికకు జబ్బు చేసినట్టు చూపించాలా వద్దా అని మాలో మాకే గొడవ. ఇలాంటివి చేసినవాళ్లుంటే చెప్పండి.