డిసెంబర్ 25 సూర్యుడి పండగేనా? క్రిస్మస్‌ను రోమన్ల దగ్గర కొట్టేశారన్న వాదనలో పస ఎంత?

చుక్కల పిచ్చోడు:
ప్రతి డిసెంబర్‌లో వచ్చే వీడియోనే మళ్లీ మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. చూడనివాళ్ల కోసం: డిసెంబర్ 22 నుంచి మూడు రోజులు సూర్యుడు "దక్షిణ శిలువ" నక్షత్రాల మీద చచ్చిపడి ఉంటాడట, 25న లేస్తాడట, మిత్రుడనే రోమన్ల కాలపు దేవుడూ ఈజిప్టు దేవుడు హోరస్సూ అందరూ అదే రోజు పుట్టారట, చర్చి ఆ కథ ఎత్తుకెళ్లి క్రిస్మస్ అని పేరు పెట్టిందట. క్రైస్తవ పండగల్లో సూర్యుడు ఉన్న మాట నిజమే. కానీ ఈ వీడియో చెప్పే చోట మాత్రం లేడు.

డిసెంబర్ చివర్లో సూర్యుడు ఇప్పుడు ధనుస్సులో ఉంటాడు, రోమన్ల కాలంలో మకరం మొదట్లో ఉండేవాడు. దక్షిణ శిలువ అక్కడికి చాలా దూరంగా, బాగా దక్షిణాన ఉంటుంది, సూర్యుడు దాని మీదకి ఏడాదిలో ఏ రోజూ వెళ్లడు. 2వ శతాబ్దపు ఖగోళ పండితుడు టాలెమీ లెక్కలో అవి పక్కనున్న నక్షత్రమండలం సెంటారస్‌లో భాగమే, వాటిని విడిగా శిలువ అనడం 16వ శతాబ్దపు యూరప్ నావికుల కాలం ముచ్చట. సూర్యుడు ఆగినట్టు కనిపించడం మాత్రం నిజమే, అయనాంతం (సూర్యుడు దక్షిణం చివర నుంచి ఉత్తరానికి తిరిగే రోజు) తర్వాత మూడు రోజుల్లో అతను ఉత్తరానికి జరిగేది డిగ్రీలో ముప్పయ్యో వంతు, కంటికి ఆనదు. ఇక మిత్రుడు డిసెంబర్ 25న పుట్టాడని చెప్పే ప్రాచీన ఆధారం ఒక్కటీ లేదు, ఆయన రాతిలోంచి పుట్టాడనే శిల్పాలే ఉన్నాయి.

గుంటూరు హేతువాది:
వీడియో చెత్తే అన్నా, దాన్ని కొట్టడం తేలిక. గట్టి వాదన వేరే ఉంది, దానికి జవాబు చెప్పు. క్రీ.శ. 274లో అరేలియన్ చక్రవర్తి రోమ్‌లో "అజేయ సూర్యుడి"కి గుడి కట్టించాడు. 354 నాటి రోమన్ పంచాంగంలో డిసెంబర్ 25 దగ్గర "అజేయుడి జన్మదినం, 30 రథ పందేలు" అని స్పష్టంగా ఉంది. 321లో సూర్యుడి రోజున, అంటే ఆదివారం, సెలవు అని చట్టం చేసింది క్రైస్తవాన్ని ఆదరించిన చక్రవర్తి కాన్‌స్టంటైనే, అతని నాణేల మీద ఉన్నదీ సూర్యుడే. రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కింద తవ్వితే బయటపడ్డ సమాధిలో, తల చుట్టూ కిరణాలతో రథమెక్కిన క్రీస్తు మొజాయిక్ ఉంది. 5వ శతాబ్దంలో పోప్ లియో ఏమని తిట్టాడో తెలుసా? జనం ఆ చర్చి మెట్లెక్కి, లోపలికి పోయే ముందు వెనక్కి తిరిగి సూర్యుడికి దణ్ణం పెడుతున్నారని. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నీకేం అనిపించట్లేదా?

నిస్సి:
అందరికీ వందనాలు. బైబిల్లో తేదీ లేదని మా సండే స్కూల్ పిల్లలకి కూడా తెలుసు, దాన్నేదో రహస్యం బయటపెట్టినట్టు చెప్పక్కర్లేదు బ్రదర్. క్రిస్మస్ వాక్యంలో లేదని మసాచుసెట్స్ ప్యూరిటన్లు 1659లో ఆ పండగ చేసినవాళ్లకి ఐదు షిల్లింగుల జరిమానా వేశారు, వాళ్లు క్రైస్తవులే.

సూర్యుడి పోలిక కూడా బయటి నుంచి రానక్కర్లేదు. మలాకీ 4:2లో "నీతి సూర్యుడు ఉదయించును" అని ఉంది. 243లో పస్కా (ఈస్టర్‌కి మూలమైన యూదుల పండగ) లెక్కల మీద ఒకాయన రాసిన పుస్తకంలో యేసు పుట్టింది మార్చి 28 అన్నాడు, ఎందుకంటే దేవుడు సూర్యుణ్ణి చేసింది సృష్టిలో నాలుగో రోజు కాబట్టి. ఆయన సూర్యుణ్ణే పట్టుకుని డిసెంబర్ కాకుండా మార్చికి చేరాడు, మరి ఇది ఎవరి కాపీ? డిసెంబర్ 25కి వేరే లెక్క ఉంది: సిలువ మరణం మార్చి 25న అని క్రీ.శ. 200 ప్రాంతపు క్రైస్తవ రచయిత టెర్టులియన్ కాలానికే అనుకునేవాళ్లు, గర్భధారణ కూడా అదే తేదీన అనుకుంటే తొమ్మిది నెలలకి డిసెంబర్ 25. తూర్పున ఏప్రిల్ 6 అనుకున్నచోట జనవరి 6 వచ్చింది, ఆర్మీనియా వాళ్లు ఇప్పటికీ ఆ రోజే చేస్తారు.

గుంటూరు హేతువాది:
చచ్చిన రోజే కడుపులో పడ్డాడని ఎందుకు అనుకోవాలి సిస్టర్? తేదీ ముందే చేతిలో పెట్టుకుని వెనక్కి కట్టిన లెక్కలా ఉంది.

చుక్కల పిచ్చోడు:
అలా అనిపించడం సహజమే, కానీ జనవరి 6 కూడా అదే సూత్రంతో వస్తోంది కదా, రెండుచోట్లా వెనక్కే కట్టారంటావా? సరే, నీ గట్టి వాదనకి వస్తా.

354 పంచాంగం అన్నావు చూడు, అదే సంకలనంలో ఇంకో జాబితా ఉంది, అందులో డిసెంబర్ 25 పక్కన "యూదయలోని బేత్లెహేములో క్రీస్తు పుట్టాడు" అని ఉంది, ఆ జాబితా 336 నాటిదని పండితుల లెక్క. అంటే చేతికందిన రాతల్లో సూర్యుడి పుట్టినరోజు క్రిస్మస్ కంటే ముందు కనపడటం లేదు. అరేలియన్ గుడి ప్రారంభం డిసెంబర్ 25న జరిగిందని ఏ ప్రాచీన రచయితా చెప్పలేదు. పైగా అదే పంచాంగంలో సూర్యుడికి అసలు పెద్ద ఆటలు అక్టోబర్ 19 నుంచి 22 వరకు ఉన్నాయి, చివరి రోజు 36 పందేలు. కొట్టేయాలనుకుంటే ఆ అక్టోబర్ పండగనే కొట్టేసేవాళ్లు కదా.

నాకు ఆసక్తి కలిగించేది వేరే. డిసెంబర్ 25ని రోమన్ పంచాంగం శీతాకాలపు అయనాంతంగా, మార్చి 25ని పగలూ రాత్రీ సమానమయ్యే రోజుగా చెప్పుకునేది, రోమన్ రచయిత ప్లినీ 1వ శతాబ్దంలోనే రాశాడు. 4వ శతాబ్దానికి అసలు అయనాంతం డిసెంబర్ 21 దాకా జరిగిపోయింది, అయినా పేరు 25కే అతుక్కుపోయింది. మన సంక్రాంతి చూడండి, సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 21, 22న, మనం పండగ చేసేది జనవరి 14, 15న. మన లెక్క నక్షత్రాలతో నడుస్తుంది కాబట్టి సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున దూరం పెరిగింది. మన పంచాంగాలు వాడే లాహిరి అయనాంశ (ఆ దూరాన్ని కొలిచే లెక్క) ప్రకారం ఆ రెండూ కలిసి ఉన్నది క్రీ.శ. 285 ప్రాంతంలో, అంటే ఇంచుమించు ఈ అరేలియన్ కాలమే (గుడికీ దీనికీ సంబంధం లేదు, సరదాగా చెప్పా).

కాబట్టి ఆ తేదీ అప్పటికే అందరికీ తెలిసిన తేదీ, సూర్య భక్తులూ వాడుకున్నారు, క్రైస్తవులూ వాడుకున్నారు. క్రైస్తవులు దాచుకోలేదు కూడా. బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టినరోజు జూన్ 24న పెట్టారు, లూకాలోని ఆరు నెలల తేడా ప్రకారం. "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అన్న యోహాను మాటని ప్రాచీన బిషప్ అగస్టిన్ నేరుగా పగటి పొడవుకి ముడిపెట్టి ప్రసంగాలు చేశాడు: యోహాను పుట్టాక పగళ్లు తగ్గుతాయి, క్రీస్తు పుట్టాక పెరుగుతాయి అని. కొట్టేసినవాడు దాన్ని నడి చర్చిలో నిలబడి చెప్తాడా?

నెల్లూరు మేడమ్:
మరి ఈస్టర్ సంగతేంటండి? అది ఏటా మారుతుంది కదా, దాని మీద ఇంత గొడవ ఎందుకు లేదు?

చుక్కల పిచ్చోడు:
మంచి ప్రశ్న మేడమ్, నిజమైన ఖగోళ పండగ అదే. మార్చి 21న గానీ తర్వాత గానీ వచ్చే పున్నమి, ఆ పున్నమి దాటాక మొదటి ఆదివారం. మూలం యూదుల పస్కా కాబట్టి చంద్రుడు తప్పదు, వసంతం తప్పదు కాబట్టి సూర్యుడు. జూలియన్ క్యాలెండర్ జరుగుతూ జరుగుతూ 16వ శతాబ్దానికి సమరాత్రి రోజు (వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) మార్చి 11కి వచ్చేసింది, ఈస్టర్ తప్పుతోందనే 1582లో పోప్ గ్రెగరీ పది రోజులు ఎగరగొట్టాడు. ఇప్పుడు మన గోడ మీద వేలాడే క్యాలెండర్ ఆ సవరణే. ఇటలీలో బొలోన్యా చర్చి కప్పుకి చిల్లు పెట్టి, నేల మీద దాదాపు 67 మీటర్ల గీత గీసి, మధ్యాహ్నం ఎండ ఎక్కడ పడుతుందో ఖగోళ శాస్త్రవేత్త కసీని 1655లో కొలిచాడు. చర్చి లోపలే సూర్య వేధశాల!

అయినా అసలు తేదీ చర్చి ముందే కట్టిపెట్టుకున్న పున్నమి లెక్కల పట్టికదే, ఆకాశానిది కాదు. 2019లో సమరాత్రి మార్చి 20న, పున్నమి 21న, మనం హోలీ ఆడిన పున్నమే అది. ఆకాశం చూసి చేస్తే ఈస్టర్ మార్చి 24న రావాలి, కానీ పట్టికలో పున్నమి 20నే అయిపోయింది కాబట్టి ఏప్రిల్ 21 దాకా ఆగాల్సి వచ్చింది.

గుంటూరు హేతువాది:
ఈస్టర్ సరే. 336 జాబితా మీద మాత్రం నేను ఒప్పుకోను అన్నా. రాత ముందు దొరికిందంటే పండగ ముందు పుట్టిందని కాదు. జూలియన్ చక్రవర్తి 362లో సూర్యుడి మీద రాసిన స్తుతిలో ఆ పండగ పాతదే అన్నట్టు మాట్లాడతాడు, దాన్ని ఏం చేస్తావ్?

నిస్సి:
క్రైస్తవ్యం వదిలేసి పాత దేవుళ్లని మళ్లీ నిలబెట్టాలని చూసిన రాజు "మాది పాతది" అనకపోతే ఇంకేం అంటాడు బ్రదర్?