ఒకే నమూనా, మగ లేదు: లోతుసముద్రపు బార్నకిల్‌కి కొత్త జాతి పేరు పెట్టొచ్చా?

లోతునీరు:
ఇలాంటి పరిస్థితి తీసుకుందాం. అండమాన్ సముద్రంలో 1,500 మీటర్ల లోతునుంచి ట్రాల్ వలలో కాడ బార్నకిల్ (రొయ్యలు, పీతల బంధువు; కాడతో అతుక్కుని పలకల కవచంలో బతికే జీవి) ఒక్కటంటే ఒక్కటే వచ్చింది. పైభాగం 14 మి.మీ., పలకలు 14. స్కాల్పెల్లిడే కుటుంబమే, అనుమానం లేదు. బ్రిటిష్ కాలపు సర్వే ఓడ ‘ఇన్వెస్టిగేటర్’ సేకరణల నుంచి జంతుశాస్త్రవేత్త అన్నన్‌డేల్ వర్ణించిన వాటిలో దేనితోనూ కలవడం లేదు. మగజీవి కనబడలేదు. పేరు పెట్టాలా, ఇంకో నమూనా దొరికేదాకా ఆగాలా?

పలకలరాయుడు:
పెట్టాలి. ఒకే నమూనా మీద జాతిని వర్ణిస్తే అదే హోలోటైప్ (ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనా) అవుతుంది, నామకరణ నియమావళి ఒప్పుకుంటుంది. డీఎన్ఏ ఉండాలని గానీ, మగ ఉండాలని గానీ అందులో ఎక్కడా లేదు. ఇదేమన్నా వైజాగ్ హార్బర్ గోడ మీద విరివిగా దొరికే బార్నకిల్ ఆంఫిబలానసా, బకెట్ పట్టుకెళ్ళి గీక్కురావడానికి? మళ్ళీ అదే చోట వల వేసినా ఇంకోటి దొరుకుతుందన్న హామీ లేదు.

సిప్రిస్:
నియమం ఒప్పుకోవడం వేరు, జాతి నిలబడటం వేరు. పిల్ల బార్నకిల్‌లో పలకలకు సున్నం పూర్తిగా పట్టదు, మధ్య మధ్య ఖాళీలుంటాయి. పెరిగేకొద్దీ పలక ఆకారమే కాదు, ఉంబో (పలక పెరుగుదల మొదలైన బిందువు) ఉన్న చోటు కూడా మారినట్టు కనిపిస్తుంది. ప్రజాతుల్ని విడదీసేది చాలావరకు ఆ లక్షణాలతోనే. అంటే పిల్లకో పేరు, తల్లికో పేరు వచ్చే ప్రమాదం ఉంది. ఇంకోటి: బఫర్ కలపని ఫార్మలిన్‌లో నెలల తరబడి ఉంచితే ఆమ్లానికి పలక అంచులు కరిగిపోతాయి. దాన్ని ‘క్షీణించిన పలకలు’ అని వర్ణిస్తే ఆ తప్పు సాహిత్యంలో వందేళ్ళు ఉంటుంది.

స్లయిడు:
లోతునీరు గారూ, మగ ‘కనబడలేదు’ అంటున్నారు, ఎక్కడ వెతికారన్నది చెప్పలేదు. ఈ కుటుంబంలో మరుగుజ్జు మగ చాలావాటిలో 1 మి.మీ. కూడా దాటదు. ఆడదాని స్కూటమ్ (మూతి పక్కన ఉండే జత పలకల్లో ఒకటి) లోపలివైపు, మూతి తెరుచుకునే అంచు దగ్గర చిన్న జేబులాంటి మడతలో ఉంటుంది. పేగు ఉండదు, తిండి తినదు. కొన్నింటికి నాలుగు చిట్టి పలకల ఆనవాళ్ళుంటాయి, కొన్ని ఉత్త సంచులే. డార్విన్ కూడా మొదట పరాన్నజీవులనే అనుకున్నాడు. ఆ తర్వాతే జేబుల్లో మొగుళ్ళను దాచుకున్న ఆడవాటి గురించి స్నేహితులకు సరదాగా ఉత్తరాలు రాశాడు.

ముందు అన్ని వైపులా ఫొటోలు తీయండి. స్కూటమ్ చుట్టూ చర్మం కోసి పలకను పుస్తకంలో అట్టలా తెరవండి, లాగొద్దు. లాగితే మగ చిరిగి చర్మంతో పాటు పోతుంది. పక్కనుంచి వాలుగా వెలుగు వేసి 40 రెట్లలో చూడండి. దొరికితే చుట్టూ ఉన్న చర్మంతో సహా కోసి గ్లిజరిన్‌లో పెట్టండి. పలకలు శుభ్రమవుతాయని బ్లీచ్ వేస్తుంటారు. మగను తీయకముందు వేస్తే ఇక దాని ఊసే మిగలదు.

లోతునీరు:
దొరక్కపోతే ద్విలింగ జీవి అని రాసేయొచ్చా?

స్లయిడు:
అస్సలు రాయొద్దు. మగ లేకపోవడం దేనికీ రుజువు కాదు, సిప్రిస్ డింభకం (అతుక్కునే ముందు ఉండే చివరి పిల్ల దశ) ఇంకా వచ్చి అతుక్కోకపోయి ఉండొచ్చు. ఆరో జత సిర్రై (ఈకల్లాంటి కాళ్ళు) మొదట్లో శిశ్నం ఉందా చూడండి. శిశ్నం లేకుండా కాడలో అండాశయం ఉంటే ఆడది. రెండూ ఉంటే ద్విలింగి, అయినా మగలు ఉండొచ్చు. స్కాల్పెల్లమ్ స్కాల్పెల్లమ్‌లో ద్విలింగి మీదే మగలు బతుకుతాయి. గుడ్లు పొదుగుతుంటే అవి ఏ దశలో ఉన్నాయో కూడా రాయండి. లోతునీటి జాతులు కొన్ని పిల్లల్ని నాప్లియస్‌గా (తొలి డింభక దశ) వదలకుండా సిప్రిస్ దశదాకా లోపలే ఉంచుకుంటాయి.

జన్యుధార:
ఇంత కోతెందుకు? సీఓఐ జన్యువు (జాతుల్ని గుర్తించడానికి వాడేది) చదివితే తేలిపోతుంది. 1979లో బార్నకిల్ నిపుణుడు న్యూమన్ వేడినీటి ఊట దగ్గరి కాడ బార్నకిల్ నియోలెపాస్‌ను పలకలు చూసి స్కాల్పెల్లిడ్ అన్నాడు, మీసోజోయిక్ (డైనోసార్ల కాలం) అవశేషం అన్నాడు. ఇప్పుడు దాని కుటుంబమే వేరు. వేడినీటి ఊటల దగ్గర ఆ వంశం విస్తరించింది ఆ తర్వాతి యుగమైన సీనోజోయిక్‌లోనే అని 2015లో డీఎన్ఏ విశ్లేషణ చెప్పింది.

పలకలరాయుడు:
దేంతో పోలుస్తారండీ? పాత టైప్ నమూనాలు చాలావాటికి సీక్వెన్సే లేదు. పోల్చడానికి పక్కన ఏమీ లేనప్పుడు మీ 650 డీఎన్ఏ అక్షరాలు ఏం చెబుతాయి?

జన్యుధార:
ఈరోజు చెప్పకపోవచ్చు, రెండో నమూనా దొరికిన రోజు చెబుతాయి. అందుకే ఫార్మలిన్ తగలకముందే కాడ కండరంలో 2 మి.మీ. ముక్క 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. పైపొర ఒలిచేయండి, దానిమీద వేరే జీవులు అంటుకుని ఉంటాయి. పేగు, గుడ్లు, మగ ఉన్న చోటు వద్దు. ప్రొటీన్‌గా మార్చి చూసేటప్పుడు మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ ముగిసిందనే గుర్తు) తగిలితే అది ఆ జన్యువుకి పనిచేయని నకిలీ ప్రతి, పక్కన పెట్టండి.

సిప్రిస్:
గుడ్లు గానీ, సిద్ధమైన అండాశయం గానీ కనిపిస్తే ‘ఇది పిల్ల’ అన్న నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను. కనిపించకపోతే మటుకు ప్రజాతి వరకే రాసి ఆగడం మంచిది.

లోతునీరు:
కుడివైపు కోయాలా, ఎడమవైపా?

స్లయిడు:
ఏదైనా ఒకటే, వర్ణనలో రాస్తే చాలు. జేబులు రెండువైపులా ఉంటాయి. మొదటివైపే మగ దొరికితే రెండోవైపు ముట్టుకోకుండా వదిలేయండి, అది తర్వాత చూసేవాళ్ళది.